వరదకు ముందే కిరాణా కొట్లతో కూపన్ ఒప్పందం: ఎట్లా రాసుకోవాలి?

స్వర్ణముఖి_గట్టు (తిరుపతి):
2021 నవంబరులో రాయలచెరువు కట్ట లీకై, కింది పల్లెలను ఖాళీ చేయించారు. అట్లాంటి వాన మళ్లీ వస్తే తడబడకుండా డ్వాక్రా సంఘం, మూడు కిరాణా కొట్లు, ఒక ట్యాంకరు యజమాని, మా యువజన సంఘం కలిసి ముందే కాగితం రాసుకోవాలనుకుంటున్నాం: వరదొస్తే ఇళ్లకు కూపన్లిస్తాం, వాటికి కొట్లవాళ్లు సరుకిస్తారు, డబ్బు మేం కొట్లకు కడతాం. సుమారు 200 కుటుంబాలు. ఏ పని ఎవరికి అప్పగించాలి? డబ్బు ఎట్లా తిప్పాలి?

చిత్తూరు_లెక్కలు:
కూపన్లు కాగితం మీదే కొట్టించండి. కరెంటు పోతే సెల్ టవర్లూ పోతాయి, ఫోన్‌లో చెల్లింపులు ఆగిపోతాయి. ఇంటికి 500 రూపాయలైతే ఒకటే కూపన్ వద్దు, వందవి అయిదు ఇవ్వండి. తడిసిన ఇంట్లో సరుకు దాచే చోటుండదు, ఏ పూటకాపూట కొనుక్కుంటారు. ప్రతి కూపన్‌కు వరుస సంఖ్య, ముద్ర, గడువు తేదీ, కొట్టతను చింపి దాచుకునే సగం ఉండాలి.

చాలాచోట్ల చెడేది ఎక్కడంటే, కొట్టతను పాత బాకీ కింద కూపన్ జమ చేసుకుంటాడు. 'బాకీకి జమ చేయరాదు' అని ఒప్పందంలోనే కాదు, కూపన్ మీద కూడా అచ్చు వేయించండి. ధరల పట్టిక కొట్టు ముందర కట్టాలి. మూడో వంతు డబ్బు ముందే ఇవ్వండి, హోల్‌సేల్ వాళ్లు అప్పుకు సరుకివ్వరు. మిగతాది చింపిన సగాలు లెక్కచూసి రెండు రోజుల్లో కట్టేయాలి. మూడు కొట్లలో ఒకటైనా మిట్టమీద ఉండాలి.

జాబితా డ్వాక్రా అక్కలు రాయాలి, సచివాలయం జాబితాతో సరిచూసుకోవాలి. రేషన్ కార్డు ఒక్కటే ఆధారమైతే ఇటుక బట్టీల కూలీలు, చెరువు పక్కనుండే యానాది కుటుంబాలు తప్పిపోతారు. ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీపడకండి.

నీళ్ల_పని:
ట్యాంకరు గురించి. స్ఫియర్ (విపత్తు సాయానికి అంతర్జాతీయంగా వాడే కనీస ప్రమాణాలు) లెక్కన మనిషికి రోజుకు 15 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు 330 మందికి ఒక రోజుకు. తేట నీళ్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ లెక్కన, 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు ట్యాంకరుకు 30 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకరులో పోయాలి. అరగంట ఆగి క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూసే చిన్న పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. తగ్గితే ఇంకాస్త కలిపి మళ్లీ అరగంట ఆగాలి. బురద నీళ్లకు ముందు పటిక వేసి తేర్చాల్సిందే, లేకుంటే క్లోరిన్ అంతా బురదే తినేస్తుంది. మూత తీసిపెట్టిన పాత పౌడరు బలం ఉండదు, నమ్మొద్దు.

స్వర్ణముఖి_గట్టు:
వంట కూడా డ్వాక్రా అక్కలకే అప్పగించవచ్చా?

చిత్తూరు_లెక్కలు:
మొదటి రెండు రోజులు, పొయ్యి వెలగని ఇళ్లకు మాత్రం. పొట్లాలకు చింతపండు పులిహోర మేలు, సాంబారన్నం వేడిమీద కట్టేస్తే సాయంత్రానికే పాడవుతుంది. మూడో రోజు నుంచి కూపన్లకు మారండి. జాబితా రాసే అక్కలు, వంట చేసే అక్కలు వేరుగా ఉండాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వస్తాయి కాబట్టి సెప్టెంబరు లోపలే సంతకాలు చేయించి, ఒక ప్రతి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.