తమ్ముడి కోపం వెనుక ఏముందో ఎలా తెలుసుకోవాలి?

గుంటూరు అక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి పదహారేళ్లు. మొన్న జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీలో చేరి, ఇంటికి రెండు గంటల ప్రయాణ దూరంలో ఉన్న ఒక రెసిడెన్షియల్ కళాశాల హాస్టల్లో ఉంటున్నాడు. పదో తరగతి వరకు సాయంత్రం క్రికెట్ ఆడనిదే ఇంటికి రాని పిల్లవాడు, దసరా సెలవులకు వచ్చిన ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా బ్యాటు ముట్టుకోలేదు, వీధిలోని స్నేహితులు వచ్చి పిలిచినా గది దాటి రాలేదు. ఏమైందని అడిగితే "ఏం లేదు" అంటాడు. రెండోసారి అడిగితే కంచం ముందు నుంచి లేచిపోతాడు. అమ్మ మీద ఎప్పుడూ గొంతు పెంచనివాడు ఈసారి రెండు సార్లు అరిచి, తరువాత చాలాసేపు తలుపు వేసుకుని కూర్చున్నాడు.

వారాంతపు పరీక్షల్లో మార్కులు తగ్గినందుకు ఆగస్టులో వాణ్ని కింది సెక్షన్‌కు మార్చారనీ, ఆ జాబితాను నోటీసు బోర్డులో పెట్టారనీ వాడి స్నేహితుడి ద్వారా నాకు తెలిసింది. ఇంట్లో ఎవరికీ వాడు ఈ మాట చెప్పలేదు. నాన్నగారు "ఆ వయసులో అందరికీ ఉండేదే, పట్టించుకుంటే ఇంకా ఎక్కువవుతుంది" అంటున్నారు. అమ్మ దిష్టి తీసింది. తిరిగి వెళ్లే ముందు రోజు రాత్రి మూడు గంటలకు వాడు మేడ మీద ఒక్కడే కూర్చుని ఉండటం చూశాను. "నిద్ర పట్టలేదక్కా" అన్నాడు, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నా సందేహాలు మూడు. ఇందులో వయసు వల్ల వచ్చేది ఎంత, జబ్బు అనదగినది ఎంత అని మనలాంటి వాళ్లం ఎలా గుర్తుపట్టాలి? కోపం రాకుండా వాణ్ని ఎలా అడగాలి? మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే అది రికార్డుల్లో ఉండిపోయి రేపు వాడి చదువుకో ఉద్యోగానికో అడ్డం వస్తుందని నాన్నగారు భయపడుతున్నారు, ఇది నిజమేనా?

కౌమార మనస్తత్వం (జవాబు 1)

నేను హైదరాబాదులో కౌమార వయసు పిల్లలతో పనిచేసే మనస్తత్వవేత్తను. పిల్లవాణ్ని చూడకుండా రోగనిర్ధారణ చేయడం తప్పు కాబట్టి ఆ పని చేయను కానీ, మీరు రాసినదాన్ని బట్టి సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారంలోనే కదలవలసిన విషయం ఇదని మాత్రం గట్టిగా చెబుతాను.

మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. భయం, కోపం వంటి వాటికి వెంటనే స్పందించే అమిగ్డాలా వంటి మెదడు భాగాలు ఈ వయసులో చాలా చురుకుగా ఉంటాయి. ఆ స్పందనను ఆపి ఆలోచింపజేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మాత్రం ఇరవై అయిదేళ్ల ప్రాంతం వరకు ఎదుగుతూనే ఉంటుంది. పైగా నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ హార్మోను చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా విడుదలవుతుంది కనుక, రాత్రి త్వరగా నిద్ర రాకపోవడం, ఉదయం లేవలేకపోవడం వాళ్ల సోమరితనం కాదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, ఉదయం అయిదింటికి లేపే గంట ఉన్న హాస్టల్లో ఆరు గంటలకు మించి దొరకదు. నెలల తరబడి నిద్ర చాలని ఏ పిల్లవాడైనా చిరాకుపడతాడు.

వయసు వల్ల వచ్చే కోపం వచ్చిపోతుంది. ఉదయం అలిగిన పిల్లవాడు సాయంత్రం స్నేహితులతో నవ్వుతూ కనిపిస్తాడు. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతి రోజూ మనసు అలాగే ఉండి, ఇంట్లోనూ కాలేజీలోనూ ఆటలోనూ ఒకేలా కనిపించి, తిండీ నిద్రా మారిపోయి, ఒకప్పుడు ప్రాణమైన విషయం మీద ఆసక్తి పోతే, దాన్ని వయసు ఖాతాలో వేయకూడదు. ఈ వయసువారిలో డిప్రెషన్ ప్రతిసారీ ఏడుపుగానే కనిపించాలని లేదు, చాలాసార్లు చిరాకుగా, కోపంగా కనిపిస్తుంది. వైద్యులు వాడే నిర్ధారణ ప్రమాణాల్లోనే ఈ మాట ఉంది. 10 నుంచి 19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, మీ ఇంట్లో జరగరానిదేదో జరిగిందని అనుకోకండి. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బ్యాటు ముట్టుకోకపోవడం. ఆ తరువాత, ఆ రాత్రి మేడ.

అందువల్ల ఒక ప్రశ్న సూటిగా అడగాలి. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని మన ఇళ్లలో భయపడతారు. అలా జరగదు. అడిగినప్పుడు చాలామంది పిల్లలకు భారం దిగినట్టే ఉంటుంది. అవునన్నా, సందేహంగా తల ఊపినా వాణ్ని ఒంటరిగా వదలకండి, మందులూ ప్రమాదకరమైన వస్తువులూ అందకుండా దాచండి, ఆ రోజే వైద్యుడికి చూపించండి. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ ఉచిత సేవ రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. వాడే చేయాలని లేదు, ఏం చేయాలో తెలుసుకోవడానికి మీరైనా చేయవచ్చు.

ఇక రికార్డుల విషయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కును ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండలేదు కనుక చికిత్సకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అందుకని నాన్నగారిని పక్కన పెట్టి కాకుండా వెంటబెట్టుకునే వెళ్లండి. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది.

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు (జవాబు 2)

అమ్మా, నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. వైద్యం గురించి పైవారు చెప్పారు. నేను మీ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను.

పిల్లలు "ఏం లేదు" అనేది దాచడానికే అని మనం అనుకుంటాం. నా అనుభవంలో చాలాసార్లు వాళ్ల దగ్గర మాట లేక అంటారు. మగపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. "మగపిల్లాడివి, ఏడుస్తావేమిటి" అని అయిదేళ్ల వయసు నుంచి వింటూ వచ్చినవాడికి దిగులైనా, భయమైనా, అవమానమైనా బయటకు రావడానికి కోపం ఒక్కటే తలుపు. మన భాషలో మాటలకు కొరత లేదు. ఇంటికి దూరమైతే వచ్చేది బెంగ. కారణం తెలిసీ తీర్చుకోలేనప్పుడు మనసును పట్టుకునేది దిగులు. ఏదో జరగబోతోందని లోలోపల కొట్టుకునేది గుబులు. ప్రేమించినవారు పట్టించుకోలేదని వచ్చేది అలక, అందులో బుజ్జగిస్తారన్న ఆశ ఇంకా ఉంటుంది. ఓడిపోయి, నలుగురిలో చిన్నబోయి, ఎవరినీ ఏమీ అనలేక, చివరికి తన మనిషి మీద విరుచుకుపడేది ఉక్రోషం. ఏం చేసినా లాభం లేదనిపించేది నిస్పృహ. వీటన్నిటినీ మనం ఇంట్లో "కోపం" అనే ఒక్క మాటలో కలిపేస్తున్నాం. బెంగకు మందు ఒకటి, ఉక్రోషానికి మందు మరొకటి. బెంగ ఉన్నవాణ్ని చూడటానికి వెళితే సగం తగ్గుతుంది. అవమానపడ్డవాడి దగ్గరకు వెళ్లి "బాగా చదువు నాన్నా" అంటే అది పుండు మీద కారం.

అందుకే "ఏమైంది?" అని అడగవద్దు. ఆ ప్రశ్నకు వాడు ఒక కథంతా తయారుచేసి చెప్పాలి. దాని బదులు, "నీకు బెంగగా ఉందా, భయంగా ఉందా, సిగ్గుగా ఉందా?" అని మాటలు అందించండి. వాడు ఒకటి ఎంచుకుంటే చాలు. నా తరగతిలో ఇలాగే చిటపటలాడే కుర్రవాణ్ని ఒకసారి వరండాలో ఆపి, "నీకు కోపమా, ఉక్రోషమా?" అని అడిగాను. ఉక్రోషమంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. కాసేపు నేల చూసి, "అదే సార్" అన్నాడు. ఆ తరువాత పావుగంట ఆపకుండా మాట్లాడాడు. మనసులోని దానికి పేరు పెడితే దాని ఉద్ధృతి తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రం కూడా అంటుందని తరువాత తెలిసింది. నాకు మాత్రం ఆ కుర్రవాడి వల్లే తెలిసింది.

ఇంకొకటి, ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి. అది విచారణలా ఉంటుంది. బండి మీద వెనుక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడో, పక్కపక్కన నడుస్తున్నప్పుడో అడగండి. భోజనం దగ్గర మాత్రం వద్దు, పిల్లలు కంచం ముందు నుంచి లేచిపోతే తల్లి మనసు కూడా విరుగుతుంది.

మూడో సంవత్సరం ఇంజనీరింగ్ (జవాబు 3)

మీ తమ్ముడి స్థానంలో నేను నాలుగేళ్ల క్రితం ఉన్నాను కనుక రాస్తున్నాను. ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర వరుసలో గంటసేపు నిలబడితే అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చేవారు. ఆ అయిదు నిమిషాల్లో ఇంట్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఈ వారం ఎన్నొచ్చాయి?" అన్నదే. వాళ్లది ప్రేమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మార్కులు లేకపోతే నేను ఆ ఇంటివాణ్ని కానేమో అనిపించేది.

డాక్టరు గారి దగ్గర ఏం జరుగుతుందో తెలియక భయపడతారు కాబట్టి నాకు జరిగింది చెబుతాను. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు, ఎందుకంటే ఒంట్లో లోపం ఉన్నా నీరసం, నిరాసక్తత ఇలాగే ఉంటాయట. తరువాత అమ్మానాన్నలను బయట కూర్చోబెట్టి నాతో విడిగా మాట్లాడారు. ఒక నోటు పుస్తకం పెట్టమన్నారు. జరిగింది ఒక వైపు, అప్పుడు నాకు వచ్చిన ఆలోచన రెండో వైపు, ఆ ఆలోచనకు రుజువు ఏమిటన్నది మూడో వైపు రాయాలి. "సెక్షన్ మార్చారు" అన్నది జరిగింది, "నేను దేనికీ పనికిరాను" అన్నది ఆలోచన. రెండూ ఒకటే అనుకుని నేను మూడు నెలలు బతికానని కాగితం మీద చూసిన రోజున తెలిసింది. మందు కూడా ఇచ్చారు. అది పనిచేయడానికి నాలుగైదు వారాలు పట్టింది, మొదటి పది రోజుల్లో తేడా లేదని మానేయబోతే అమ్మ ఆపింది. మొదలుపెట్టిన కొత్తలో పిల్లవాణ్ని దగ్గరుండి గమనించాలనీ, డాక్టరును అడగకుండా సొంతంగా ఆపకూడదనీ ఆయన గట్టిగా చెప్పారు.

గుండె దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరేడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలడం నేర్పారు. పరీక్ష హాల్లో ఇప్పటికీ చేస్తాను. రెండో సంవత్సరం హాస్టల్ మాని, ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీకి మారాను. నాకు అదే మేలైంది.

న్యాయవాది, విశాఖ (జవాబు 4)

మార్కుల జాబితా గోడకెక్కించడం గురించి ఒక్క మాట. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశమంతటా విద్యాసంస్థలకు వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హత కలిగిన కౌన్సెలర్‌నో, మనస్తత్వవేత్తనో నియమించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. దీనిపై చట్టం వచ్చేవరకు ఇవి అమలులో ఉంటాయని కోర్టు చెప్పింది. మీ నాన్నగారు ప్రిన్సిపాల్‌ను కలిసినప్పుడు, గొడవ పడకుండానే, మీ కౌన్సెలర్ ఎవరని అడగవచ్చు. ఆ అడిగే హక్కు ఆయనకు ఉంది.

గుంటూరు అక్క

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఔటింగ్ రోజున నేను ఒక్కదాన్నే వెళ్లాను. కాలేజీ నుంచి బస్టాండ్ వరకు ఇద్దరం నడుస్తూ, మాస్టారు గారు చెప్పినట్టే మాటలు అందించాను. బెంగా అంటే కాదన్నాడు. కోపమా అంటే నవ్వాడు. చాలా దూరం నడిచాక, తనంతట తానే "సిగ్గక్కా" అన్నాడు. బోర్డు మీద పేరు చూసిన రోజు నుంచి పాత సెక్షన్ పిల్లలు ఎదురుపడతారేమోనని మెస్‌కు అందరూ తిని వెళ్లాక వెళ్తున్నాడట, అన్నం మిగలకపోతే బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నాడట. రెండు నెలలుగా ఇలాగే తింటున్నాడని మాకెవరికీ తెలియదు.

ఆ ప్రశ్న కూడా అడిగాను. నా గొంతు వణికింది. "చచ్చిపోవాలని కాదు, ఎవరికీ కనబడకుండా పోతే బాగుండనిపిస్తుంది" అన్నాడు. అక్కడి నుంచే 14416కు ఫోన్ చేశాను. ఒంటరిగా వదలవద్దని, ఇంటికి తీసుకువెళ్లి వెంటనే వైద్యుడికి చూపించమని చెప్పారు. వార్డెన్‌తో మాట్లాడి వాణ్ని ఆ రోజే తీసుకొచ్చేశాను. నాన్నగారు మొదట నా మీద కోప్పడ్డారు. మెస్ సంగతి చెప్పాక ఇక మాట్లాడలేదు. మర్నాడు ఉదయం ఓపీ చీటీ కోసం ఆయనే వరుసలో నిలబడ్డారు. రెండు వారాలు ఇంట్లోనే ఉంచి, ఆ తరువాత మళ్లీ తీసుకురమ్మన్నారు.

కౌమార మనస్తత్వం

చాలా మంచి పని చేశారు. ఈ రెండు వారాల్లో వాడు కాస్త తేరుకుని నవ్వుతూ కనిపిస్తే, "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా" అని ఆ రెండో ఓపీకి వెళ్లడం మానుకోకండి. ఎన్ని గంటలు నిద్రపోయాడో, ఎన్నిసార్లు అందరితో కలిసి తిన్నాడో రోజూ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి, వైద్యుడికి అది బాగా ఉపయోగపడుతుంది. "కనబడకుండా పోవాలి" అన్న మాట మీతో అన్నది అన్నట్టుగానే డాక్టరుకు చెప్పారో లేదో రాయండి. చెప్పకపోయి ఉంటే తేదీ వరకు ఆగకుండా రేపే వెళ్లి చెప్పండి.