అప్‌డేట్: మా స్కోడా ఆక్టేవియా కారు టకటక చప్పుడు సంగతి తేలింది

స్టేజ్ 1 ట్యూన్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించాక, మధ్యాహ్నం ఎండలో ఓఆర్ఆర్ ఎక్కేటప్పుడు మూడో గేర్‌లో ఇంజన్ టకటకమంటోంది, ప్లగ్గులు మార్చాలా అని అడిగాను కదా. ప్లగ్గులు కాదు, పెట్రోలే.

ట్యూనర్‌ని గట్టిగా నిలదీస్తే అప్పుడు చెప్పాడు, వేసింది 100 ఆక్టేన్ పెట్రోల్‌కి సరిపోయే మ్యాప్ (ఇంజన్ సెట్టింగులు) అని! ఆక్టేన్ అంటే, తనంతట తనే అంటుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. నేనేమో ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ పెట్రోల్) దొరికినప్పుడు అది, లేనప్పుడు ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్) కొట్టిస్తున్నా. ఆక్టేన్ తక్కువైతే, టర్బో ఒత్తిడికి పెట్రోల్, గాలి మిశ్రమం తనంతట తనే అంటుకుంటుంది. ఆ టకటకనే నాక్ అంటారు. నాక్ సెన్సర్ అది పసిగడితే, ఇంజన్ కంప్యూటర్ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, అంటే కాస్త ఆలస్యం చేస్తుంది; దాంతో పవర్ తగ్గుతుంది. ఇంజన్ డేటా లాగ్‌లో మూడో సిలిండర్‌కి 6 డిగ్రీలు వెనక్కి! బండి లాగనిది అందుకే.

ట్యాంక్ దాదాపు ఖాళీ చేసి, మొత్తం 100 పోయించి, అదే ర్యాంప్ మీద చూశాను. స్పార్క్ వెనక్కి జరగడం ఒక డిగ్రీ దాటలేదు.

అయినా 95 మ్యాపే వేయించుకున్నా. ఖమ్మం వెళ్లిన ప్రతిసారీ 100 ఎక్కడ దొరుకుతుందా అని టెన్షన్ ఎవరు పడతారు? బూస్ట్ (టర్బో ఒత్తిడి) కాస్త తగ్గింది, మా ఆవిడకి తేడానే తెలియలేదు. నాకు తెలిసింది, కొంచెం బాధగానే ఉంది.

ముందు పెట్రోల్ చూడమన్న అన్నకి థ్యాంక్స్. ప్లగ్గుల డబ్బులు మిగిలాయి.