పాత బుల్లెట్ ఇంజిన్‌ని సైడ్‌కార్ రేసుకి కట్టేటప్పుడు లోపల కొత్త సామాను వేయొచ్చా?

బ్రాడీపేట350:
మా బావ ఇంగ్లండ్‌లో పాతబళ్ల సైడ్‌కార్ రేసులకి (పక్కన మూడో చక్రం కట్టిన బళ్ల పోటీలకి) తిరుగుతుంటాడు. మా నాన్న నడిపిన మద్రాసు బుల్లెట్, 350, ఐరన్ బోరుది, గుంటూరు ఇంట్లో మూలపడి ఉంది. ఇంజిన్ ఇక్కడే కట్టించి పంపమంటున్నాడు. పాయింట్లు (స్పార్క్ ఎప్పుడు పడాలో చూసే పాత స్విచ్చు), బిగ్ ఎండ్ బుష్ (పిస్టన్ రాడ్డు కింద క్రాంక్‌కి కలిసే చోట ఉండే తొడుగు) అన్నీ పాతవే ఉండాలట, లేకపోతే అది వింటేజ్ కాదట. బెజవాడ ఆటోనగర్లో మెకానిక్కేమో బుష్ బదులు రోలర్ బేరింగ్ రాడ్ వేసేద్దాం, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేద్దాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కృష్ణకట్ట:
మీ బావదే కరెక్ట్. పైకి 1955 బండి, విప్పి చూస్తే నిన్న మొన్నటి సామాను, ఇక అది పాతబళ్ల రేసు ఎందుకవుతుంది? అంత స్పీడు కావాలంటే కొత్త బండి కొనుక్కుని తోలుకోమనండి.

లేత్‌షెడ్_ఆటోనగర్:
కట్ట మీద కూర్చుని చెప్పడం తేలికే అన్నా. సోలో బండికి ఇంజిన్ పట్టేస్తే క్లచ్ నొక్కి పక్కకి తీసుకోవచ్చు, అదీ అదృష్టం బాగుంటే. సైడ్‌కార్లో పక్కన ఒక మనిషి రోడ్డుకి జానెడు ఎత్తులో వేలాడుతూ ఉంటాడు. వెనక చక్రం లాక్ అయితే బండి మొత్తం తిరిగిపోతుంది, దెబ్బ ముందు ఆయనకే. పైగా ఇద్దరి బరువు, మూడు టైర్ల రాపిడి, గాలి. సోలోలో థ్రాటిల్ వదిలే చోట కూడా ఇక్కడ తెరిచే ఉంచాలి. 18 హార్స్‌పవర్ ఇంజిన్‌తో అంత బరువు లాగించడం అంటే లోపల ఎంత వేడి పుడుతుందో చూసుకోండి.

ఒక లెక్క చెప్తా. బుల్లెట్ బోరు (సిలిండర్ వెడల్పు) 70, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. 5,000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 15 మీటర్లు. రేసు కదా అని 7,000కి లాగితే 21. ఐరన్ బోరు, పొడుగు స్ట్రోకు, పాత రాడ్డు, వీటితో 21 అంటే నేనైతే ఆ బండి పక్కన నిలబడను.

కృష్ణకట్ట:
7,000 ఎవరు లాగమన్నారు బ్రదర్? సైడ్‌కార్‌కి కావాల్సింది కింద నుంచి వచ్చే టార్కు. ముందు స్ప్రాకెట్ పళ్లు తగ్గించి, 5,500 లోపే ఉంచితే చాలు. ఇంకోటి, బిగ్ ఎండ్‌లో ఉండే ఆ ఫ్లోటింగ్ బుష్‌ని ఊరికే తిడుతున్నారు. దానికి నూనె సరిగ్గా అందితే చాలా కాలం మన్నుతుంది. నూనె అందకే పోతుంది, తప్పు బుష్‌ది కాదు. టైమింగ్ కవర్ లోపల క్రాంక్‌కి నూనె వెళ్లే చోట చిన్న కార్క్ సీల్ ఉంటుంది చూడండి, అది అరిగితే నూనె పక్కకి పోతుంది, బిగ్ ఎండ్ ఎండిపోతుంది. పది రూపాయల ముక్క మార్చకుండా రాడ్డు మార్చడం మన మెకానిక్కులకి భలే అలవాటు.

ఐరన్‌ఇంజిన్_బెజవాడ:
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. అసలు ఆ కాలం వాళ్లు ఇంజిన్ ముట్టుకోలేదా? సైడ్‌కార్ వరల్డ్ చాంపియన్‌షిప్ 1949లో మొదలైంది, మొదటి టైటిల్ నార్టన్ మీద ఎరిక్ ఒలివర్‌ది. 1954 నుంచి 1974 దాకా 1968, 1971 తప్ప అన్నీ బీఎండబ్ల్యూ ఇంజిన్లే గెలిచాయి, ఎందుకంటే ఆ ఫ్లాట్ ట్విన్ (రెండు సిలిండర్లు చెరో పక్కకి పడుకున్న ఇంజిన్) కిందికి కూర్చుంటుంది, బరువు నేలకి దగ్గరగా ఉంటుంది. 1968లో వాటిని ఓడించిన హెల్ముట్ ఫాత్ యూఆర్ఎస్ అనే ఫోర్ సిలిండర్ ఇంజిన్‌ని సొంతంగా కట్టుకున్నాడు. అంటే రేసు ఇంజిన్ అన్నాక ఆ రోజుల్లోనూ కోశారు, పోశారు, మార్చారు. కాబట్టి మార్చారా లేదా అని కాదు, ఆ కాలంలో చేయగలిగిన మార్పేనా అని చూడాలి. పెద్ద ఆయిల్ పంపు, తేలిక పిస్టన్, పోర్టు పాలిషింగ్ ఓకే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ నా లెక్కలో కాదు.

లేత్‌షెడ్_ఆటోనగర్:
మరి రోలర్ బిగ్ ఎండ్? ఆ కాలం రేసు ఇంజిన్లలో అవీ ఉన్నాయి కదా!

ఐరన్‌ఇంజిన్_బెజవాడ:
ఉన్నాయి, అందుకే దానికి నేను అడ్డు చెప్పను. పాయింట్లు మాత్రం ఉంచండి, శ్రద్ధగా గ్యాప్ పెట్టుకుంటే 5,500కి అవి చాలు.

కృష్ణకట్ట:
ఇప్పుడు మీరు కూడా అటు దూకారా. సరే, రోలర్ వేస్తే నాకు పోయేదేం లేదు, కానీ దాన్ని వింటేజ్ అని ఫొటోలు పెట్టొద్దు.

బ్రాడీపేట350:
అందరికీ థాంక్స్. ముందు అక్కడి క్లబ్బు రూల్స్ కాగితం పంపమని బావకి చెప్పాను, రోలర్ సంగతి అది చూశాక. ఈలోగా క్రాంక్ విప్పించి రాడ్డుకి పగుళ్లు ఉన్నాయేమో చూపిస్తా, కార్క్ సీల్ ఎలాగూ మారుస్తా. 350 క్రాంక్‌ని ప్రెస్ మీద సరిగ్గా ట్రూ చేసేవాళ్లు (వంకర లేకుండా సరిచేసేవాళ్లు) గుంటూరులోనే ఎవరన్నా ఉన్నారా, లేక బెజవాడ తీసుకురావాల్సిందేనా?

లేత్‌షెడ్_ఆటోనగర్:
తీసుకురా తమ్ముడూ. ఫ్లైవీల్ మీద సుత్తి వేసే చోట మాత్రం ఇవ్వకు.