అప్‌డేట్: గెనిచిరోని దాటాను

మూడు వారాల క్రితం ఇక్కడ అడిగాను కదా, కత్తియుద్ధాల వీడియో గేమ్ 'సెకిరో' అందరికీ అంత నచ్చుతుంటే నాకు మాత్రం చిరాకే మిగులుతోంది, వదిలేయనా అని. వదల్లేదు. నిన్న రాత్రి అషినా కోట పైన ఆ గేమ్‌లోని పెద్ద శత్రువు (బాస్) గెనిచిరోని ఓడించాను. చేతులు ఇంకా వణుకుతున్నట్టే ఉన్నాయి.

మీలో చాలామంది చెప్పింది ఒకటే: దూరం జరగడం మానెయ్, కత్తికి కత్తి అడ్డుపెట్టు. నేను 'డార్క్ సోల్స్' అనే పాత గేమ్ అలవాటుతో ప్రతి దెబ్బకీ పక్కకి దూకేవాడిని. ఆ గ్యాప్‌లో గెనిచిరో పోశ్చర్ బార్ (బ్యాలెన్స్ ఎంత చెదిరిందో చూపే గీత, అది నిండితే చివరి దెబ్బ వేయొచ్చు) మళ్లీ తగ్గిపోయేది, నా కష్టమంతా నీళ్లపాలు. గేమ్‌లోని పాడుబడ్డ గుడి దగ్గర, ప్రాక్టీస్‌కి దొరికే హన్బే అనే పాత్రతో రోజూ కాసేపు ప్రాక్టీస్ చేశాను. అడ్డుపెట్టే బటన్ నొక్కిపట్టకుండా, దెబ్బ తగిలే క్షణంలో నొక్కితే వచ్చే ఆ ఖణేల్ చప్పుడు ఉంది చూశారా, దానికోసమే ఆడాలనిపించింది. శత్రువు హెల్త్ తగ్గేకొద్దీ అతని పోశ్చర్ ఇంకా నెమ్మదిగా కోలుకుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. మొదట నాలుగు దెబ్బలు కొట్టి, తర్వాత మీద పడటం మొదలుపెట్టాను.

ప్రమాదకరమైన దెబ్బ వస్తోందని హెచ్చరించే ఎర్ర అక్షరం మెరిస్తే ఇప్పుడు టెన్షన్ లేదు. పొడవడానికొస్తే మికిరి కౌంటర్ (అతని ఆయుధాన్ని కాలితో తొక్కిపట్టడం), కాళ్ల మీదికి కత్తి తిప్పితే ఎగరడం. చివర్లో గెనిచిరో విసిరిన మెరుపుని గాల్లోనే పట్టి, నేల తాకేలోపు తిరిగి అతని మీదికే విసిరినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అతనికంటే ముందు వచ్చే మంటల ఎద్దు ఫైట్ మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. అరగంట దాటితే ఆపేయమన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్. గెనిచిరో దగ్గర అలా మూడుసార్లు ఆపేశాను, మర్నాడు రెండో ప్రయత్నంలోనే గెలిచాను.