అమెరికాలో బీమా కంపెనీ లైసెన్సు: అన్ని ఫారాలూ పెట్టినా దరఖాస్తు ‘అసంపూర్ణం’ ఎందుకవుతుంది?

పెన్నాతీరం, నెల్లూరు:

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఇంటి నుంచే, అమెరికాలో కొత్తగా పెడుతున్న ఒక గృహబీమా సంస్థకు పత్రాలు సిద్ధం చేసే పని చేస్తున్నాను. 1945 నాటి మెకారన్-ఫెర్గూసన్ చట్టం ప్రకారం అక్కడ బీమా వ్యాపారంపై అజమాయిషీ ప్రధానంగా రాష్ట్రాలదే కనుక, మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర మాదిరిగా ఒక్కచోట అనుమతి తెచ్చుకుంటే దేశమంతా చెల్లదు. మేము మొదటి రాష్ట్రానికి పంపిన దరఖాస్తు అసంపూర్ణమని తిరిగి వచ్చింది. చెక్‌లిస్టులో అడిగినవన్నీ జతచేశామనే నా నమ్మకం. డైరెక్టర్లలో ఒకరు కందుకూరువారు, నెల్లూరులో చదువుకున్నారు. లోపం ఎక్కడుందో ఎలా వెతకాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

ఒంగోలు అకౌంటెంట్:

మీది ఇంకా ఏ రాష్ట్రంలోనూ లైసెన్సు లేని సంస్థ కాబట్టి యూసీఏఏలో, అంటే అక్కడి రాష్ట్రాలు వాడే ఉమ్మడి లైసెన్సు దరఖాస్తు విధానంలో, ‘ప్రైమరీ’ దరఖాస్తు కిందికి వస్తుంది. ఒక రాష్ట్రంలో ఉన్న సంస్థ మరో రాష్ట్రానికి వెళ్లేందుకు పెట్టేది ‘ఎక్స్‌పాన్షన్’. ప్రైమరీకి తొంభై రోజులు, ఎక్స్‌పాన్షన్‌కు అరవై రోజులు పరిశీలన లక్ష్యంగా పెట్టుకుంటారు గానీ, దరఖాస్తు పూర్తిగా ఉందని వారు అంగీకరించాకే ఆ లెక్క మొదలవుతుంది.

నా అనుభవంలో కాగితం లేకపోవడం కన్నా, ఒక కాగితం చెప్పినదాన్ని మరొకటి కాదనడమే ఎక్కువ చిక్కు తెస్తుంది. మీరు గృహబీమా మాత్రమే అమ్ముతామని వ్యాపార ప్రణాళికలో రాసి, బీమా రకాలు ఎంచుకునే ఫారం 3లో వాహనబీమాకు కూడా గుర్తు పెట్టి ఉంటే, ఆ రెండో వ్యాపారానికి ప్రీమియం అంచనా ఏదని అడుగుతారు. రీఇన్సూరెన్సు, అంటే మీ నష్టభయంలో కొంత మరో బీమా సంస్థకు (రీఇన్సూరర్‌కు) అప్పగించే విషయం ఇంకా ముఖ్యం. ప్రీమియంలో సగం రీఇన్సూరర్‌కు బదిలీ చేస్తామని వివరణలో చెప్పి, ప్రోఫార్మా (రాబోయే ఏళ్ల అంచనా) ఆర్థిక పట్టికల్లో మొత్తం ప్రీమియాన్నీ మీ దగ్గరే ఉంచుకున్నట్టు చూపితే, మూలధనం సరిపోతుందన్న మీ వాదన నిలబడదు. రాష్ట్రం నిర్ణయించిన కనీస మూలధనం, మిగులు చూపినంతమాత్రాన సరిపోయిందనుకోకండి. వ్యాపార ప్రణాళికలోని నష్టభయాన్ని బట్టి అంతకన్నా ఎక్కువ అడిగే అధికారం వారికి ఉంటుంది.

కావలి కాగితాలవాడు:

అకౌంటెంట్ గారి మాట నిజమే. నేను ఫారం 11, అంటే డైరెక్టర్లు, ముఖ్య అధికారులు ఇచ్చే జీవిత వివరాల అఫిడవిట్ గురించి చెబుతాను. మన ప్రాంతంవారికి ఇక్కడే ఎక్కువ తిప్పలు వస్తాయి.

అందులో పదేళ్ల నివాసాలు, ఇరవై ఏళ్ల ఉద్యోగాలు రాయాలి. మధ్యలో ఆరు నెలలు ఖాళీగా ఉన్నా ఆ మాట కూడా రాయాలి. పేరు పొడి అక్షరాలతో కాకుండా పూర్తిగా ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, వేరే పేర్లు ఎప్పుడైనా వాడారా అన్న ప్రశ్న దగ్గర ఆ రెండో రూపాన్నీ చూపాలి. మధ్య పేరు లేకపోతే గడి ఖాళీగా వదలకుండా, లేదని రాయాలి.

కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఇల్లు మారకపోయినా, ఆధారాలు తీసుకున్న కాలాన్ని బట్టి వాటిలో వేర్వేరు జిల్లాలు ఉండవచ్చు. ఈ వివరాలు సరిచూసి వెరిఫికేషన్ నివేదిక రాసేది ఎన్‌ఏఐసీ (రాష్ట్రాల బీమా కమిషనర్ల జాతీయ సంఘం) జాబితాలో ఉన్న స్వతంత్ర సంస్థ, వారికి ఈ సంగతి తెలియదు, కాబట్టి ఒక వాక్యంలో వివరణ జతచేయండి. అలాగే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు మీ డైరెక్టర్ గారు నెల్లూరులో డిగ్రీ చేసి ఉంటే, ధ్రువీకరణకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరు ఇవ్వాలి. ఆయన అఫిడవిట్‌లో ఏ విశ్వవిద్యాలయం ఉందో ఒకసారి చూడండి.

పెన్నాతీరం, నెల్లూరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే చూశాను. 1996 నాటి డిగ్రీకి నేను విక్రమ సింహపురి అని రాశాను, మధ్య పేరు గడి ఖాళీగానే ఉంది. రీఇన్సూరెన్సు అంకెలు కూడా పట్టికలో ఒకలా, వివరణలో మరోలా ఉన్నాయి. అఫిడవిట్‌ను దిద్ది పంపితే సరిపోతుందా, కొత్తగా సంతకం చేయించాలా?

కావలి కాగితాలవాడు:

అది ప్రమాణపత్రం కనుక దిద్దుబాట్లు వద్దు. కొత్త ఫారం నింపి, డైరెక్టర్ గారి చేత నోటరీ ఎదుట మళ్లీ సంతకం చేయించండి. ఆయన ఇక్కడే సంతకం చేసేటట్టయితే, భారతదేశపు నోటరీ ముద్ర చాలునా, అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా కావాలా అన్నది ముందే ఆ రాష్ట్ర బీమా శాఖను ఈమెయిలులో అడిగి, వారి జవాబును దరఖాస్తుతో పాటు భద్రపరచండి.