లొకేషన్ బ్లాక్ చేశాక కూడా సైట్‌కి మారతహళ్లి అని ఎలా తెలుస్తోంది? (ఆండ్రాయిడ్, క్రోమ్)

పెసరట్టు_560037

ఫోన్ ఆండ్రాయిడ్ 14, బ్రౌజర్ క్రోమ్. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్). సరుకులు, టిఫిన్లు, అద్దె ఇళ్లు అన్నీ యాప్‌లు లేకుండా బ్రౌజర్‌లోనే చూస్తాను, అందుకని అడిగిన సైట్‌కల్లా అలో కొట్టేశాను. ఇప్పుడు క్రోమ్ సెట్టింగ్స్ > సైట్ సెట్టింగ్స్ > లొకేషన్ తెరిస్తే అలోడ్ కింద 23 సైట్లు తేలాయి. ఒక్కోదాన్నీ నొక్కి బ్లాక్‌కి మార్చాను. అయినా మూడు సంగతులు అర్థం కావట్లేదు.

సరుకుల సైట్ తెరిస్తే పైన ఇప్పటికీ మారతహళ్లి అనే ఉంది. వాతావరణం సైట్ మాత్రం మొబైల్ డేటాలో ఉంటే చెన్నై ఎండలు చూపిస్తోంది. ఇంకో సైట్‌కి మళ్లీ పర్మిషన్ ఇద్దామంటే అది అడగడమే మానేసింది, కొన్నిసార్లు అడిగితే పక్కన నొక్కి మూసేశాను తప్ప దాన్ని నేను బ్లాక్ చేయలేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

కోరమంగళ_ఫిల్టర్‌కాఫీ

మొదటి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, జవాబు అక్కడే ఉంది.

చెన్నై అన్న సైట్ మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబరు) చూసి ఊహిస్తోంది. మొబైల్ డేటాలో వేలమంది ట్రాఫిక్ కలిసి టెలికాం వాళ్ల గేట్‌వే గుండా బయటికి వెళ్తుంది. ఆ గేట్‌వే ఏ ఊరి పేరున నమోదై ఉంటే సైట్‌కి మీరు ఆ ఊళ్లో ఉన్నట్టే. అందుకే బెంగళూరులో కూర్చున్నా చెన్నై, హైదరాబాద్, ముంబై అని పడుతుంటుంది. పీజీ వైఫైకి మారితే చాలావరకు బెంగళూరు అంటుంది, అంతకంటే లోపలికి వెళ్లలేదు. ఐపీకి పర్మిషన్ అంటూ లేదు, ఏ సైట్ తెరిచినా వెళ్తుంది. దాన్ని దాచాలంటే వీపీఎన్ (ట్రాఫిక్‌ని ఇంకో సర్వర్ గుండా మళ్లించేది) లాంటిది పెట్టుకోవాలి తప్ప క్రోమ్ లొకేషన్ సెట్టింగ్‌తో పని జరగదు.

ఐపీతో మారతహళ్లికీ పక్కనున్న బ్రూక్‌ఫీల్డ్‌కీ తేడా తెలియదు. కాబట్టి సరుకుల సైట్‌కి మారతహళ్లి అని చెప్పింది ఐపీ కాదు, ఒకప్పుడు మీరు ఇచ్చిన లొకేషనే. బ్లాక్ చేస్తే ఇకమీదట అడగడం ఆగుతుంది, ఇచ్చేసింది వెనక్కి రాదు. అది రెండుచోట్ల మిగిలి ఉంటుంది: మీ ఫోన్‌లో ఆ సైట్ పెట్టుకున్న కుకీల్లో (సైట్ గుర్తుకోసం దాచుకునే చిన్న డేటా), లేదా వాళ్ల దగ్గర మీ అకౌంట్‌లో సేవ్ అయిన అడ్రస్‌గా.

ఏదో తేల్చుకోవడానికి అదే సైట్‌ని ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో లాగిన్ కాకుండా తెరవండి. ఏరియా ఎంచుకోమని అడిగితే పాత కుకీయో అకౌంటో కారణం. అప్పుడు సైట్ సెట్టింగ్స్ > ఆల్ సైట్స్‌లో ఆ పేరు వెతికి, లోపల డేటా డిలీట్ చేసి పర్మిషన్లు రీసెట్ చేసే బటన్ నొక్కండి (పాత వెర్షన్లలో క్లియర్ అండ్ రీసెట్ అని ఉండేది). లాగౌట్ అయిపోతారు, కార్ట్‌లో ఉన్నవీ పోవచ్చు, ఆర్డర్ అయ్యాకే చేయండి. మళ్లీ లాగిన్ కాగానే మారతహళ్లి ప్రత్యక్షమైతే అది అకౌంట్‌లోని అడ్రస్, ఆ సైట్ ప్రొఫైల్‌లోకి వెళ్లి తీసేయాల్సిందే.

మూడోది మీ మీద క్రోమ్ జాలి. అడిగిన బాక్సుని అలో, బ్లాక్ ఏదీ నొక్కకుండా మూడుసార్లు మూసేస్తే, ఈయనకి ఇష్టం లేదని క్రోమే అనుకుని ఆ సైట్‌ని వారం రోజులు అడగనివ్వదు. వారం ఆగక్కర్లేదు. సైట్ తెరిచి, అడ్రస్ బార్‌లో ఎడమపక్క గుర్తు నొక్కి, పర్మిషన్స్‌లోకి వెళ్లి రీసెట్ చేయండి, ఆ తర్వాత పేజీ రీలోడ్. రీలోడ్ మర్చిపోయి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ.

పెసరట్టు_560037

థాంక్స్ అన్నా. ఇన్‌కాగ్నిటోలో ఏరియా ఎంచుకోమని అడిగింది. డిలీట్ చేసి మళ్లీ లాగిన్ అయినా మామూలు ట్యాబ్‌లో మారతహళ్లి రాలేదు, అంటే కుకీయే. మూడోది రీసెట్, రీలోడ్ చేయగానే మళ్లీ అడిగింది.

ఇప్పుడు డెలివరీ సైట్లకి ఏదో ఒకటి ఇవ్వక తప్పదు కదా. ఎంతవరకు ఇవ్వాలి?

హెచ్‌ఎస్‌ఆర్_హాఫ్‌టీ

తాళాలు మూడున్నాయి. ఒకటి ఫోన్‌ది, ఒకటి క్రోమ్ అనే యాప్‌ది, ఒకటి సైట్‌ది. మూడూ తెరుచుకుంటేనే సైట్‌కి లొకేషన్ వెళ్తుంది. అందరూ మూడోదాని దగ్గరే కుస్తీ పడతారు, మధ్యదాన్ని పట్టించుకోరు. నిజానికి అక్కడ ఒక్కసారి మార్చి పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలు సగం తగ్గుతాయి.

ఫోన్ సెట్టింగ్స్ > యాప్స్ > క్రోమ్ > పర్మిషన్స్ > లొకేషన్. అక్కడ 'అలో ఓన్లీ వైల్ యూజింగ్ ది యాప్' పెట్టి, కింద ఉన్న 'యూజ్ ప్రిసైజ్ లొకేషన్' స్విచ్ ఆపేయండి. ఈ స్విచ్ ఆండ్రాయిడ్ 12తో 2021లో వచ్చింది. ఆపితే ఏ సైట్‌కి అలో ఇచ్చినా మీ గది బదులు సుమారు 3 చదరపు కిలోమీటర్ల ప్రాంతమే వెళ్తుంది. వాతావరణం, దగ్గర్లో సినిమా హాళ్లు, ఏ ఏరియాకి సర్వీస్ ఉందో చూడటం, వీటికి అది ధారాళంగా చాలు.

చిక్కల్లా డెలివరీ పిన్ దగ్గరే. ప్రిసైజ్ లేకపోతే పిన్ ఎక్కడో మున్నేకొల్లాల్‌లోనో దొడ్డనెక్కుందిలోనో పడి, మీ వీధికి సర్వీస్ లేదంటుంది, లేదా ఇంకో స్టోర్‌లోని సరుకులు చూపిస్తుంది. నా సలహా, పిన్‌కోడ్ లేదా అడ్రస్ టైప్ చేయండి. డెలివరీ కుర్రాడికి ఎలాగూ ఫ్లాట్ నంబరు చెప్పాలి, దానికోసం ప్రతి ట్యాబ్‌కీ జీపీఎస్ ధారపోయనక్కర్లేదు.

బాక్సులో 'అలో దిస్ టైమ్' అనే ఆప్షన్ కనిపిస్తే అదే నొక్కండి. ఇక మీ 23 సైట్లని బ్లాక్‌లో పెట్టడం కన్నా లిస్ట్‌లోంచి తీసేయడం నయం. బ్లాక్‌లో ఉంటే రేపు నిజంగా అవసరమైనప్పుడు అడగదు, మళ్లీ ఇదే థ్రెడ్‌కి రావాలి.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్

ఇంత రామాయణం ఎందుకండీ, ఫోన్ లొకేషనే ఆఫ్ చేసి పెడితే పోలా?

హెచ్‌ఎస్‌ఆర్_హాఫ్‌టీ

పెట్టొచ్చు, పనిచేస్తుంది కూడా. కాకపోతే క్యాబ్ బుక్ చేసినప్పుడల్లా ఆన్ చేస్తారు, తిరిగి ఆఫ్ చేయడం మర్చిపోతారు, అప్పుడు అలోడ్ లిస్ట్‌లోని సైట్లన్నీ ఒక్క మాటైనా అడగకుండా తీసుకుంటాయి. మధ్య తాళం వేస్తే ఆ మతిమరుపుకి ఖరీదు తక్కువ.

బెళ్లందూరు_బగ్‌ఫిక్స్

ఇలాంటి పేజీలు రాసేవాళ్ల వైపు నుంచి కొంత.

అలో నొక్కాక పేజీకి అక్షాంశం, రేఖాంశం, వాటితోపాటు ఎన్ని మీటర్ల అటూఇటూ అనే అంకె అందుతాయి. ప్రిసైజ్ ఆపిన ఫోన్‌లో ఆ అంకె 2000 దగ్గర ఉంటుంది. ఆన్‌లో ఉంటే మామూలుగా 50 మీటర్లలోపు, ఆరుబయట ఐదారు మీటర్లు కూడా. దశాంశాలు ఎంత దూరాన్ని చెప్తాయంటే: 12.95, 77.70 అంటే రెండు స్థానాలు, అక్షాంశంలో ఒక మెట్టు సుమారు 1.1 కిలోమీటరు, అంటే మారతహళ్లి చుట్టుపక్కల. ఐదు స్థానాలైతే ఒక మెట్టు సుమారు 1.1 మీటరు, అంటే మీ మంచం ఏ గోడవైపు ఉందో.

పీజీ గదిలో జీపీఎస్ అందకపోయినా లెక్క ఎలా కుదురుతుందని కొందరికి అనుమానం. చుట్టూ ఉన్న వైఫై రౌటర్ల గుర్తింపు నంబర్లు, వాటి సిగ్నల్ బలం చూసి ఫోన్ లెక్క కడుతుంది. మారతహళ్లి లాంటిచోట ఒక్క గదిలోకే పాతిక రౌటర్లు తగులుతాయి, ఇక తప్పేదేముంది. వైఫై ఆఫ్ చేసినా స్కాన్ ఆగకపోవచ్చు: సెట్టింగ్స్ > లొకేషన్ > లొకేషన్ సర్వీసెస్‌లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ వేరే స్విచ్‌లు. మీ సొంత రౌటర్‌ని గూగుల్ లెక్కల్లోంచి తప్పించాలంటే దాని పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి నోమ్యాప్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో చేర్చాలి. పీజీ ఓనర్‌కి ఇది ఒప్పించడం వేరే ప్రాజెక్టు.

ఇంకోటి, పర్మిషన్ సైట్ అడ్రస్‌కి కట్టుబడి ఉంటుంది. ఒకే కంపెనీవైనా మొబైల్ సబ్‌డొమైన్ (m. లాంటిది ముందు చేరిన అడ్రస్) వేరే, మెయిన్ సైట్ వేరే. ఒకటి తీసేసి ఇంకోటి వదిలేస్తే లీక్ అనుకుంటారు, అందుకే లిస్ట్‌లో పేరు పెట్టి వెతకండి. కుకీలు తుడిచినా పర్మిషన్లు పోవు: డిలీట్ బ్రౌజింగ్ డేటాలో సైట్ సెట్టింగ్స్‌కి వేరే టిక్ ఉంటుంది. 2016లో వచ్చిన క్రోమ్ 50 నుంచి సురక్షితం కాని, అంటే హెచ్‌టీటీపీ పేజీలకి లొకేషన్ అసలు ఇవ్వదు. పాత సైట్‌లో 'నా దగ్గర్లో' బటన్ ఎంత నొక్కినా కదలకపోతే మీ ఫోన్‌ని తిట్టకండి, అడ్రస్ చూడండి.

ట్యాబ్ మూసేస్తే లొకేషన్ పంపడం కూడా ఆగిపోతుంది. మూసిన సైట్ ఇంకా లొకేషన్ తీసుకుంటోందనిపిస్తే అది ఏదో యాప్ పని కావచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రైవసీ డ్యాష్‌బోర్డ్‌లో ఏ యాప్ ఎన్నింటికి లొకేషన్ తీసుకుందో కనిపిస్తుంది.

జేపీనగర్_జున్ను

మా ఇంట్లో ఐఫోన్. అక్కడ ఈ మధ్య తాళం ఏది?

కోరమంగళ_ఫిల్టర్‌కాఫీ

సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > లొకేషన్ సర్వీసెస్ లిస్ట్‌లో సఫారీ వెబ్‌సైట్స్ అని ఉంటుంది. లోపల ప్రిసైజ్ లొకేషన్ స్విచ్ ఆపేయండి (ఐఓఎస్ 14 నుంచి ఉంది). ఐఫోన్‌లో క్రోమ్ వాడితే దాని పేరు అదే లిస్ట్‌లో విడిగా ఉంటుంది, అక్కడా ఆపాలి. అన్ని సైట్లకీ కలిపి అడుగు, వద్దు, అలో అనేది సఫారీ సెట్టింగ్స్‌లో కింద లొకేషన్ దగ్గర. ఐఓఎస్ 18లో సఫారీని 'యాప్స్' లోపలికి నెట్టారు, పాత వీడియోలు చూసి వెతికితే దొరకదు.

పెసరట్టు_560037

చివరి ప్రశ్న. గూగుల్‌లో 'టిఫిన్ దగ్గర్లో' అని వెతికితే ఇప్పటికీ మారతహళ్లి హోటళ్లే వస్తున్నాయి. క్రోమ్‌లో గూగుల్ సైట్‌ని కూడా లిస్ట్‌లోంచి తీసేశాను.

హెచ్‌ఎస్‌ఆర్_హాఫ్‌టీ

ఫలితాల పేజీ అట్టడుక్కి వెళ్లండి. ఏరియా పేరు, దాని పక్కనే అది ఎక్కడినుంచి వచ్చిందో గూగులే రాసి ఉంటుంది: మీ డివైస్ నుంచా, ఐపీ నుంచా, పాత యాక్టివిటీ నుంచా, మ్యాప్స్‌లో మీరు హోమ్ అని పెట్టిన అడ్రస్ నుంచా. డివైస్ కాదంటే ఇక బ్రౌజర్‌లో చేసేదేం లేదు, గూగుల్ అకౌంట్‌లో వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ చూడండి, మ్యాప్స్‌లో హోమ్ లేబుల్ తీసేయండి. ఆటో డిలీట్‌ని 3 నెలలకి పెట్టుకోవచ్చు.

అద్దె సైట్లు చూస్తున్నానన్నారు కాబట్టి ఒక్కటి: అప్‌లోడ్ చేయబోయే గది ఫోటోలు తీసేముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపండి. ట్యాగ్ ఆన్‌లో ఉంటే ఫోటో ఫైల్‌లోనే అక్షాంశం, రేఖాంశం కూర్చుని ఉండొచ్చు, దానికి క్రోమ్ ఏ పర్మిషనూ అడగదు.

పెసరట్టు_560037

'యువర్ ప్లేసెస్, హోమ్' అని ఉంది. పీజీలో చేరిన రోజు పెట్టిన లేబుల్. తీసేశాను, ఇప్పుడు ఐపీ అని రాసి చెన్నైలో ఇడ్లీలు చూపిస్తోంది.