పని బాగా వచ్చినోళ్లే ఊరు దాటుతారా?

ఫిట్టర్_2009: మా ఊరి ఐటీఐ కుర్రాళ్లు ఇరవై మందికి తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగాలు చూపించా. నెల తిరక్కుండా పదిహేడు మంది వెనక్కొచ్చారు. అదే ఇంజనీరింగ్ వాళ్లయితే బెంగళూరైనా డల్లాస్ అయినా పెట్టె సర్దేస్తారు. పని ఎంత వస్తే ఊరు దాటే ధైర్యం అంత. కాదనేవాళ్లు చెప్పండి.

పాలమూరోడు: కాదు. మా తాతకు సంతకం రాదు. కూలీలను పోగేసి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎన్ని డ్యాముల మట్టి మోశాడో ఆయనకే లెక్క లేదు.

ఫిట్టర్_2009: అది కరువు తరిమితే పోవడం. నేను ఇష్టపడి వెళ్లడం గురించి అడిగా. పైగా మట్టిపనిలో నైపుణ్యం ఏముంది?

పాలమూరోడు: ఏముందా? కట్ట మీద మట్టి ఎంత తడిపితే గట్టిపడుతుందో, రాయిని ఎక్కడ కొడితే పగులుతుందో మీ ఐటీఐలో చెప్పారా? సర్టిఫికెట్ లేకపోతే పని రానట్టేనా? ఇష్టమట ఇష్టం! అడ్వాన్సు తీరేదాకా ఇంటికి రావడం కూడా ఆయన చేతిలో లేదు.

చిరుజల్లు: మళ్లీ మొదలెట్టారు 🙏

జగిత్యాల_బావ: పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకే ఈసీఆర్ పెడతారు, అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని. మా వాడకట్టులో దుబాయ్ పోయినోళ్లవి ఎక్కువ అవే.

ఉద్దానం_పిల్ల: మా శ్రీకాకుళం మత్స్యకారులకు వేట రాదా? పెద్ద బోట్లు నిలిపే హార్బర్ లేకే గుజరాత్‌లో వెరావల్ పోయారు. 2018లో అక్కణ్నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. పని వచ్చు. చేసుకునే చోటే లేదు.

ఫిట్టర్_2009: విషయం పక్కదారి పడుతోంది. మన పిల్లలకు బద్ధకం, అంతే. నా మాట మీద తీసుకున్న సూపర్‌వైజర్ ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు.

పాలమూరోడు: జీతం ఎంతన్నా?

ఫిట్టర్_2009: పద్నాలుగు వేలు. ఓటీ (ఓవర్‌టైమ్) వేరే.

పాలమూరోడు: గది, మెస్?

ఫిట్టర్_2009: ఏడెనిమిది వేలవుతుంది. అయితే ఏం? నేను 2009లో ఆరు వేలకు చేరి ఇంటికి పంపలేదా?

ఉద్దానం_పిల్ల: మా అన్నయ్య పుణె వెళ్తే సామాన్ల ఖర్చు, రెండు వారాల గది కంపెనీయే చూసుకుంది. మీ వాళ్లకు బస్సు ఛార్జీలైనా ఇచ్చారా అండీ?

ఫిట్టర్_2009: ఇరవై మందికీ నేనే పెట్టుకున్నా. ఒక్కడూ తిరిగివ్వలేదు.

చిరుజల్లు: ఆ... ఇప్పుడు చెప్పారు.